గురువారం, పదకొండు నుంచి రెండు దాకా

స్టీలు బేసినులో వేడినీళ్ళు. పైన సన్నటి ఆవిరి. నీళ్ళ అడుగున నా రెండు చేతులు.

తెల్లవారేసరికి అవి బిగుసుకుపోయి ఉండేవి. పిడికిలీ కాదు, అరచేయీ కాదు. ఏదో అడగబోయి మధ్యలో ఆగిపోయినట్టు — సగం మూసి, సగం తెరిచి.

ఒక్కో వేలూ... ఒక్కో వేలూ...

కిటికీ బయట మల్కాజ్‌గిరి లేచేది. పాల సైకిలు బెల్లు. ఎవరి వాకిట్లోనో చీపురు చప్పుడు. కాల్ సెంటర్ పని ముగించుకొచ్చిన పిల్లల్ని సందు మొదట్లో దింపి వెళ్ళిపోయే తెల్ల క్వాలిస్ బండి.

నీళ్ళు చల్లారేవి. వేళ్ళు విచ్చుకునేవి కావు.

కీళ్ళవాతం అన్నారు. ముసలితనంలో వచ్చేది కాదు, ఇది వేరు అన్నారు. పోయేది కాదు, అదుపులో పెట్టుకోవలసింది అన్నారు. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మిషన్ స్కూల్లో ఏడో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. కుసుమకుమారి టీచరు రాసిన బోర్డు తుడవడానికి మనసొప్పదు అనేవాళ్ళు తోటి టీచర్లు. ఒకరోజు సుద్దముక్క వేళ్ళలోంచి జారింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ జారింది. మూడోసారి, ముందు బెంచీ పిల్ల లేచొచ్చి, తీసి, నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

ఆ ఏడాది ఆఖర్న ఉద్యోగం మానేశాను.

నొప్పి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నవాళ్ళకి తెలుసు. లేనివాళ్ళకి చెప్పినా తెలియదు.

సిగ్గు గురించి చెప్పాలి.

*

నా భర్త జ్ఞానశేఖర్ ఏ.ఎస్. రావు నగర్ దగ్గర కంపెనీలో పని చేసేవారు. ఆరున్నరకి కంపెనీ బస్సు. అంతకుముందే ఇంట్లో ప్రార్థన. మంచం పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ప్రతి ఉదయమూ ఆయన ఒక్కటే అడిగేవారు.

తండ్రీ, రోజుకి ఒక్క గంట... ఒక్క గంట ఆమెకి నొప్పి లేకుండా ఇవ్వు.

ఆమేన్, అనేదాన్ని.

ఆయన వెళ్ళాక ఫెయిత్ వచ్చేది. మా ఒక్కగానొక్క కూతురు. బ్రష్షు మీద పేస్టు పెట్టి అందించేది. కుచ్చిళ్ళు పెట్టేది. జడ వేసేది. జాకెట్టుకి ఐదు హుక్కులు — పై నుంచి కిందికి, ఒకటి, రెండు, మూడు... అప్పుడే గిన్నెలు కడిగొచ్చేది కాబట్టి దాని వేళ్ళు చల్లగా తగిలేవి. కళ్ళు మాత్రం నా మొహం మీద ఉండేవి కావు. కిటికీ వైపు చూస్తూ పెట్టేది. నాకు సిగ్గవుతుందని.

దాని చిన్నప్పుడు రెండు జడలు నేనే వేసేదాన్ని. కదలకు, కదలకు, అని నెత్తి మీద దువ్వెనతో కొట్టేదాన్ని.

ఇప్పుడది ఒక్కసారి కూడా కదలకు అనలేదు.

తొమ్మిదికి ఇల్లు ఖాళీ అయ్యేది. పది. పదిన్నర.

పదకొండుకి ఏదో జరిగేది.

మొదట బొటనవేలు. తర్వాత చూపుడువేలు. గ్లాసు పట్టుకుంటే గ్లాసు నిలిచేది. దీన్ని నేను కనిపెట్టిన రోజు నాకింకా గుర్తు. గిన్నెలో కమలాపండు ఉంది. ఊరికే చేతిలోకి తీసుకున్నాను. గోరు దిగింది. తొక్క మొత్తం ఒకే ముక్కగా, మెలికలు తిరుగుతూ ఊడొచ్చింది. ఇల్లంతా ఆ వాసన. తొనలు తినకుండా ఆ తొక్కనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడ్చాననుకుంటా. నవ్వాను కూడా.

తర్వాత ఆ తొక్కని చెత్తబుట్టలో అడుక్కి, టీ పొడి కిందికి తోసేశాను.

ఎందుకలా తోశానో అప్పుడు ఆలోచించలేదు.

*

రెండు దాటితే చేతులు మళ్ళీ బిగుసుకునేవి. నాలుగున్నరకి ఫెయిత్ వచ్చేసరికి నేను మంచం మీద ఉండేదాన్ని. చర్చి నుంచి ఆడవాళ్ళు పరామర్శకి వచ్చేదీ ఆ వేళకే. వాళ్ళు చూసిన నొప్పి నిజం నొప్పే. నేనేమీ నటించలేదు.

పదకొండు సంగతి చెప్పలేదు, అంతే.

అన్ని రోజులూ అలా ఉండేవి కావు. వారానికోసారి వేసుకునే మాత్రలు ఉండేవి. ఆదివారం ఆరాధన అయ్యాక వేసుకునేదాన్ని. సోమవారం కడుపులో తిప్పేది. మంగళవారం అన్నం వాసన పడేది కాదు. బుధవారం నెమ్మదిగా లేచేదాన్ని.

గురువారం నాది.

మొదటి గురువారం సందు చివరిదాకా నడిచాను. రెండో గురువారం బస్టాపు దాకా. మూడోసారి బస్సు వచ్చి నా ముందే ఆగింది. జెర లోపలికి జరుగమ్మా, అన్నాడు కండక్టరు — నాలుగేళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను జరగమన్నాడు! ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని విసుక్కున్నట్టే విసుక్కున్నాడు. ఎంత బాగుందో.

కిటికీ పక్క సీటు. మొహాన గాలి. కరెంటు స్తంభం స్తంభానికీ కంప్యూటర్ కోర్సుల కాగితాలు. జావా, ఒరాకిల్, వందశాతం ఉద్యోగం. వాటి మీద పెన్నుతో ఎవరో దిద్దిన మీసాలు. ఒక్కో బోర్డూ లోపల్లోపల చదువుకుంటూ, తప్పు అక్షరం కనిపిస్తే దిద్దుకుంటూ పోయేదాన్ని. టీచరు బుద్ధి.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగి, రెజిమెంటల్ బజార్ సందుల్లోకి.

అక్కడ ఒక దారాల దుకాణం. గోడ నిండా రీళ్ళు — వంకాయ రంగు, మామిడిపిందె రంగు, వానొచ్చే ముందు మబ్బు రంగు. కొననని ఆ షాపతనికి రెండో వారానికే తెలిసిపోయింది. అయినా అడిగిన రంగల్లా తీసి గల్లా మీద పెట్టేవాడు. వేలికొస కిందనుంచి రీలు దొర్లించేదాన్ని. నున్నగా... చల్లగా...

తర్వాత బాదంచెట్టు. చెట్టు కింద సిమెంటు అరుగు. అరుగు పక్కన పల్లీల బండి.

బండి పర్వతాలుది. అరవై దాటిన మనిషి. ఉడకబెట్టిన పల్లీలు కాగితం పొట్లంలో పోసి ఇచ్చేవాడు. పొట్లం రెండు చేతుల మధ్య పట్టుకుంటే ఆ వేడి కీళ్ళలోకి దిగేది. ఇంట్లో బేసినులో నీళ్ళూ వేడే. కానీ అది మందు. ఇది పల్లీల పొట్లం.

తొక్క నొక్కితే టప్పుమని విచ్చుకునేది. నా వేళ్ళే! నా వేళ్ళే తీసేవి. లోపల ఉప్పునీటి చుక్క. నాలిక మీద ఉప్పు.

ఎండ ఆకుల్లోంచి చీర మీద పడి కదిలేది. స్టేషన్లో రైళ్ళ ప్రకటనలు లీలగా వినపడేవి. ఏ రైలూ నాది కాదు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఒంటిగంట ఎండలో, ఎవరికీ రోగిని కాకుండా, ఒక ముప్పావుగంట కూర్చునేదాన్ని.

రెండింటికి ఇంట్లో ఉండేదాన్ని. చెప్పులు అంతకుముందున్నట్టే పెట్టేదాన్ని. కుడిది కొంచెం వంకరగా.

*

ఎందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది.

బాగున్న గంటలు ఉన్నాయని ఒప్పుకుంటే, బాగులేని గంటల్ని ఎవరు నమ్ముతారు?

మూడు గంటలు బాగుంటే వంట చెయ్యొచ్చు కదా, అంటారేమో. ఎవరూ అనరు. జ్ఞానశేఖర్ అనరు. ఫెయిత్ అనదు. నేనే అనుకుంటాను. అప్పుడు పదకొండింటికి విచ్చుకున్న చేతులు పప్పు గిన్నె దగ్గరికి వెళ్తాయి. వెళ్ళాలి కూడా. ఇంట్లో ఇద్దరు మనుషులు నా కోసం అంత చేస్తుంటే... వెళ్ళాలి.

నాకు వెళ్ళాలని లేదు.

ఇదే అసలు జవాబు. మిగతావన్నీ దీని మీద కప్పిన దుప్పట్లు.

*

రెండువేల నాలుగు, జూన్. ఫెయిత్‌కి ఉత్తరం వచ్చింది. చెన్నైలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. మూడు నెలలు ట్రైనింగు, తర్వాత అక్కడే ఉద్యోగం. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని, మడత పడకుండా పుస్తకంలో పెట్టి తెచ్చింది. మా సందులో ఆ ఏడాది అలాంటి కాగితం అందుకున్న మూడో పిల్ల అది. వారంలోగా జవాబు ఇవ్వాలి.

జ్ఞానశేఖర్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతోషంగానే ఉన్నారు. తర్వాత, ఎవరి మొహమూ చూడకుండా, మరి మీ అమ్మకి పొద్దున్నపూట... అని ఆగిపోయారు.

టీ గ్లాసులు అలాగే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. కాగితం మూల లేస్తోంది, పడుతోంది. లేస్తోంది, పడుతోంది.

అప్పుడు చెప్పాలి నేను.

పొద్దున్న ఎలాగో గడిపేస్తాను, పదకొండుకి నా హుక్కులు నేనే పెట్టుకోగలను, రెండేళ్ళుగా పెట్టుకోగలుగుతున్నాను — ఇంతే చెప్పాలి. తెలుగు టీచర్ని. మాటలు రాక కాదు.

ఫెయిత్ నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది.

నేను నా చేతుల వంక చూసుకున్నాను.

వెళ్ళనులే డాడీ, అంది. ఇక్కడే స్కూల్లో కంప్యూటర్లు చెప్పమని అడుగుతున్నారు, అంది. మమ్మీ జడ ఎవరు వేస్తారు, అని నవ్వింది కూడా.

ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టారు.

మరుసటి గురువారం నేను బస్సెక్కాను.

అవును. ఎక్కాను. పల్లీలు వేడిగా ఉన్నాయి. ఎండ బాగుంది. లోపల ఏదో నొక్కుతున్నా... నోట్లో ఉప్పు బాగానే ఉంది. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకేముంటుంది?

*

సెప్టెంబరులో ఒక గురువారం. పర్వతాలు తన మనవరాలి గురించి ఏదో చెప్తున్నాడు. ఆ పిల్ల ఇంగ్లీషు మీడియంలో చేరిందట. తాతా, పల్లీలకి ఇంగ్లీషులో ఏమంటారో చెప్పు, అని నిలదీసిందట. చెప్పలేకపోతే, అయితే ఇంక పల్లీలు అమ్మొద్దు, అందట. గట్టిగా నవ్వాను. నవ్వుతూ ఒక కాయ వలిచాను. ఇంకో కాయ వలిచాను.

అంతకుమించి ఆ రోజు ఏమీ జరగలేదు, నాకు తెలిసినంతవరకు.

ఆ సాయంత్రం ఫెయిత్ మామూలుగానే వచ్చింది. చున్నీ తీసి కుర్చీకి వేసింది. టీ పెట్టింది. గ్లాసు నా రెండు చేతుల మధ్య పెట్టి, తన చేతులు కాసేపు చుట్టూ అలాగే ఉంచింది. రోజూ అలాగే చేసేది, గ్లాసు జారకుండా.

గురువారాలు ఏం చేస్తావు మమ్మీ, పగలంతా? అని అడిగింది.

పడుకుంటాను, అన్నాను.

ఊఁ, అంది.

తెల్లవారి హుక్కులు పెట్టింది. ఒకటి, రెండు, మూడు... కిటికీ వైపు చూస్తూ.

మళ్ళీ గురువారం వెళ్ళాను. పర్వతాలు పొట్లం కట్టి ఇవ్వకుండా నా మొహంలోకి చూశాడు. పోయిన వారం ఒక పిల్ల వచ్చిందన్నాడు. రోడ్డు అవతల, కాగితాల కట్ట పట్టుకుని, చాలాసేపు నిలబడిందట. నేను వెళ్ళాక ఇవతలికొచ్చి పల్లీలు కొన్నదట. ఈ అమ్మ రోజూ వస్తారా అని అడిగిందట. రోజూ కాదు, ప్రతి గురువారం, రెండేళ్ళ సంది వస్తున్నరు, మంచిగ నడుచుకుంటనే వస్తరు అని తాను చెప్పాడట.

"మీ బిడ్డనా అమ్మా?" అని అడిగాడు. "మొఖం గట్లనే ఉన్నది."

తల ఊపాను.

"నాకెర్క లేక చెప్పిన. తప్పయిందా?"

లేదన్నాను. తప్పు నీది కాదన్నాను.

ఆ రోజు పొట్లం విప్పలేదు. చేతుల్లో చల్లారిపోయింది. స్కూలు వాళ్ళు పరీక్ష కాగితాలు కొనుక్కురమ్మని దాన్ని పంపి ఉంటారు. అంత దూరం నుంచి అది ఏం చూసి ఉంటుంది? పొద్దున తను హుక్కులు పెట్టిన జాకెట్టు. తను వేసిన జడ. నవ్వుతున్న తల్లి. కాయ వెనక కాయ వలుస్తున్న వేళ్ళు.

చెన్నై కాగితం ఆ వేళ్ళ కోసమే వదులుకుంది.

చూసొచ్చాకే అడిగింది — గురువారాలు ఏం చేస్తావు, అని. నాకొక తలుపు తెరిచి పట్టుకుంది. నేను దాని మొహం మీదే మూశాను. పడుకుంటాను, అన్నాను. ఊఁ, అంది.

*

తర్వాత మూడు వారాలు.

మూడు వారాలూ రోజూ అదే చల్లటి వేళ్ళు. తొందర లేదు. కోపం లేదు. ఒక్క హుక్కు కూడా గట్టిగా లాగలేదు. చెంప మీద కొడితే తట్టుకునేదాన్నేమో... దువ్వెన కూడా అంతే మెత్తగా నడిచేది.

గురువారాలు మానేశాను. పదకొండుకి చేతులు విచ్చుకునేవి. వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరివో చేతుల్లా.

దసరా సెలవలు వచ్చాయి. ఒక పొద్దున జడ వేస్తుంటే, అద్దం లేని గోడ వైపు చూస్తూ అన్నాను.

"నన్ను చూశావు కదా, ఫెయిత్."

దువ్వెన ఆగింది.

"చూశాను."

"అడగలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నా, మమ్మీ. జూన్‌లో కూడా, నువ్వేదో చెప్తావనుకునే నీ వైపు చూశా."

దువ్వెన మళ్ళీ కదిలింది. మూడు పాయలు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. రబ్బరు బ్యాండు రెండుసార్లు చుట్టింది. తర్వాత, ఎక్కడికెళ్తావో చూపించు, అంది. ఈ గురువారం ఇద్దరం వెళ్దాం, అంది.

వెళ్ళాం.

బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది. బోర్డులు చదవబుద్ధి కాలేదు. దారాల దుకాణంలో, ఇది చూడు, అని మబ్బు రంగు రీలు తీసిచ్చాను. బాగుంది అంది. గల్లా మీద పెట్టేసింది. ఇంకేం చూస్తావిక్కడ అని అడిగింది. ఇదే, అన్నాను. షాపతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

బాదంచెట్టు కింద కూర్చున్నాం. పర్వతాలు రెండు పొట్లాలిచ్చి, దూరంగా జరిగి, బండి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

వలవబోయాను. వేళ్ళు పలకలేదు. పదకొండు దాటి చాలాసేపైంది, గురువారమే, అయినా పలకలేదు. అది చూస్తోందని... ఎలాగో నవ్వాను. బాగున్నాయి కదా, అన్నాను. ఒక్కటీ తినకుండానే అన్నాను.

ఫెయిత్ నా పొట్లం తీసుకుంది. వలిచి నా అరచేతిలో పోసింది. చుట్టూ చూసింది. చెట్టు. అరుగు. రోడ్డు మీద ఆటోలు. ఎదురుగా మూసిన షట్టరు. స్టేషన్ వైపు నుంచి లీలగా ఏదో రైలు పేరు.

ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూసింది. నాకు తెలిసింది. ఈ చెట్టు తర్వాత ఇంకో సందు, ఆ సందులో ఇంకేదో, తను వదులుకున్నదానికి సరితూగేది ఏదో...

"ఇంతేనా, మమ్మీ?"

"ఇంతే."

ఫెయిత్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కిందకి పడనివ్వలేదు.

"ఇంత చిన్నదానికి ఎందుకు దాచావు? అడిగితే నేనే తీసుకొచ్చేదాన్ని కదా. రోజూ తెచ్చేదాన్ని కదా."

పెద్ద తప్పు చేసినవాళ్ళకి తలవంచుకోవడానికైనా ఏదో ఉంటుంది. నేను చేసింది పల్లీలు తినడం. ఎండలో కూర్చోవడం. అంత చిన్నదాన్ని పట్టుకుని, పిల్లకొచ్చిన కాగితాన్ని గాల్లో లేచిపడుతుండగా చూస్తూ ఊరుకున్నాను.

తీసుకొస్తావనే, ఫెయిత్. నువ్వు తీసుకొస్తే అది నువ్వు నాకు చేసే ఇంకో పని అయిపోతుంది. నా కోసం నువ్వు చెయ్యనిది ఏదో ఒక్కటి కావాలి నాకు.

ఇది పైకి అనలేదు. అంటే తనకి అర్థమయ్యేదేమో. కానీ అర్థం చేసుకోమని అడిగే మొహం నాకేది?

అరచేతిలో పల్లీలు ఒక్కొక్కటే తిన్నాను. ఉప్పగా ఉన్నాయి.

*

ఆ సాయంత్రం జ్ఞానశేఖర్‌కి నేనే చెప్పాను. ఫెయిత్ చెప్పొద్దంది. డాడీకెందుకు, అంది. అయినా చెప్పాను. పదకొండు నుంచి రెండు. గురువారాలు. రెండేళ్ళు. జూన్‌లో కాగితం వచ్చిన రోజు కూడా, హుక్కులు నేనే పెట్టుకోగలనని నాకు తెలుసు.

ఆయన షూ లేసులు విప్పుకుంటున్నారు. విప్పడం ఆపలేదు. రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి, మేజోళ్ళు వాటిల్లో దోపి, అప్పుడు తలెత్తారు.

"నేను రోజూ అడుగుతూనే ఉన్నాను కదా, కుసుమా."

అంతే అన్నారు.

ఒక్క గంట అడిగారు ఆయన. మూడు వచ్చాయి. రెండేళ్ళు, ప్రతి తెల్లవారుజామునా, వచ్చేసినదాన్ని మళ్ళీ మళ్ళీ అడగనిచ్చి, పక్కనే పడుకుని ఆమేన్ అన్నాను.

మర్నాడు ప్రార్థనలో ఆ మాట లేదు. పెదాలు కదిలాయి. వినపడలేదు. ఏం అడిగారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ నెలలోనే ఆయన పొద్దున ఆలస్యంగా వెళ్ళే జనరల్ షిఫ్టుకి మార్చుకున్నారు. ఇకనుంచి పొద్దున్నపూట నేను చూసుకుంటాను, అని ఫెయిత్‌కి చెప్పారు. హుక్కులు పెట్టడం ఆయనకి రాదు. ఐదింటిలో ఒకటి ఎప్పుడూ పక్క కాజాలో పడేది. నేను చెప్పేదాన్ని కాదు. పదకొండుకి, నేనే విప్పి, నేనే సరిగ్గా పెట్టుకునేదాన్ని.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఫెయిత్‌కి ఇంకో కంపెనీ నుంచి కాగితం వచ్చింది. మళ్ళీ చెన్నైయే. ఈసారి టీ బల్ల మీద పెట్టలేదు. వెళ్తున్నాను, అని చెప్పింది. వెళ్ళు, అన్నాను — ఆ మాట ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చిందని మాకిద్దరికీ తెలుసు.

స్టేషన్లో పెట్టె ఎక్కించాక కిటికీ దగ్గరికి పిలిచింది. మొదటిసారి నేను వెళ్ళనన్నది నీ ఒక్కదాని కోసమే కాదు మమ్మీ, నాకూ భయమేసింది, అంది. ఒంటరిగా అంత దూరం... నీ పేరు చెప్తే ఎవరూ మారు మాట్లాడరు కదా అనిపించింది, అంది.

అది నిజమో, నా బరువు దించడానికి అన్నదో — దాని మొహం చూసి పోల్చుకుందామనుకున్నాను. రైలు కదిలింది.

*

దాని మొదటి జీతంతో నాకో సెల్‌ఫోను కొని పంపింది. గురువారం, ఒంటిగంటకి, లంచ్ టైములో చేసేది.

వెళ్ళావా మమ్మీ, అని అడిగేది.

వెళ్ళాను, అనేదాన్ని. అరుగు మీద కూర్చునే అనేదాన్ని. మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది అది అడుగుతుందనే. మొదట్లో ఏమీ రుచించలేదు. పల్లీలు పల్లీల్లా, ఎండ ఎండలా ఉండేది. ఎప్పుడో ఒక గురువారం, నాకు తెలియకుండానే, బస్సులోంచి ఒక బోర్డు చదివి, తప్పు అక్షరం దిద్దుకున్నాను. దిద్దుకున్నాక గానీ తెలియలేదు.

సిగ్గు ఎక్కడికీ పోలేదు. నాతోపాటే టిక్కెట్టు తీసుకుని పక్కన కూర్చునేది. దాన్ని కొంచెం జరిగి కూర్చోమనడం అలవాటైంది.

ఆగస్టు. నాలుగు రోజులుగా వాన. మాత్రలు ఏమీ పట్టలేదు. ఆ గురువారం పదకొండైంది, పన్నెండైంది. చేతులు తెరుచుకోలేదు. మోకాళ్ళు కూడా వాచాయి. మంచం మీదే ఉన్నాను.

ఒంటిగంటకి ఫోను మోగింది. వేళ్ళతో పట్టుకోలేక, మోచేత్తో బటన్ నొక్కి, దిండు మీద పెట్టి, చెంప ఆనించాను.

"వెళ్ళావా మమ్మీ?"

లేదు, అనాలి. ఇకమీదట దీనితో అబద్ధం ఆడనని అనుకున్నాను కదా. కానీ దాని గొంతులో తిండి ముద్ద ఉంది. నా గురువారం ఎలా ఉందో వింటూ తింటోంది పిల్ల.

"ఊఁ," అన్నాను.

"ఏం కనిపిస్తోంది?"

తల తిప్పితే కిటికీ. వాన కాస్త వెలిసింది. ఎదురింటి డాబా మీద ఒకావిడ తడిసిన దిండ్లు తెచ్చి పిట్టగోడ మీద వరసగా పెడుతోంది. మూడో దిండు మీద ఎక్కడినుంచో పిల్లి వచ్చి కూర్చుంది. ఆవిడ చేత్తో అదిలించింది. పిల్లి దిగి, నాలుగో దిండు మీద కూర్చుంది. ఆవిడ చీపురు తెచ్చింది. పిల్లి మళ్ళీ మూడో దిండు మీదికొచ్చి, మూతి కడుక్కోవడం మొదలుపెట్టింది.

చూసింది చూసినట్టే చెప్పాను. ఎక్కడినుంచి చూస్తున్నానో చెప్పలేదు. చెప్తూ చెప్తూ నవ్వొచ్చింది. పక్కటెముకలు నొప్పి పుట్టేలా. అటు నుంచి ఫెయిత్ కూడా నవ్వింది.

అప్పుడే మా పక్కింట్లో కుక్కరు కూత వేసింది. గట్టిగా, దగ్గరగా. ఆగి, ఇంకోటి.

నడిబజారులో కుక్కరు కూత వెయ్యదు.

నేను ఆగిపోయాను. అటువైపు నమలడం ఆగింది. చెంప కింద ఫోను వెచ్చబడుతోంది. దొరికిపోయినప్పుడు మొహం ఎలా కాలుతుందో నాకు ఇదివరకే తెలుసు. అదే వేడి, మెడ మీంచి చెవుల దాకా...

చెన్నైలో ఎవరో వెనకనుంచి ఫెయిత్‌ని పిలిచారు. వస్తున్నాను, ఒక్క నిమిషం, అంది వాళ్ళతో.

తర్వాత, నెమ్మదిగా, నాతో.

"ఆ పిల్లి ఇంకా అక్కడే ఉందా, మమ్మీ?"